ఈ వారం సమస్య: అన్నకన్న తమ్ము డగ్రజుండు

మోడరేటర్: ల్యాప్‌టాప్‌లో విండోస్, ఉబుంటు (ఒక రకం లినక్స్) రెండూ ఉన్నాయి, ఆన్ చేయగానే వచ్చే గ్రబ్ అనే మెనూలో ఏది ముందు లేవాలి, అదే వస్తువు. పైన ఇచ్చిందే చివరి పాదంగా ఆటవెలది పూరించాలి. పాదం నాకు భలే నచ్చింది, కానివ్వండి.

లినక్స్‌మావయ్య:
మొదట విండొసుండె, ముచ్చటగా నెక్కె
పిన్నయౌ నుబుంటు పీటపైకి
గ్రబ్బు లెక్కలోన గణనయే సున్నతో
అన్నకన్న తమ్ము డగ్రజుండు

యతిమైత్రి: మావయ్యగారూ, సున్న దగ్గర విరుపు అదిరింది. గ్రబ్ మెనూలో లెక్క సున్న నుంచే మొదలు, అక్కడ కూర్చునేది ఉబుంటూనే. వయసులు కూడా కుదిరాయి, అన్న విండోస్ 1985, తమ్ముడు ఉబుంటు 2004. కానీ గణం కోసం విండోసుని విండొసు చేసేశారేంటండీ? ‘మొదట నన్న యుండె’ అంటే సరిపోయేది కదా.

పద్యాలపిచ్చి: ఆహా, మొదట నన్నయ ఉండె అని కూడా చదువుకోవచ్చు!! సవరణకే నా ఓటు.

సూర్యగణం: సున్న మీదే ఆగిపోతే ఎలా, అన్నని మళ్ళీ కూర్చోబెట్టాలంటే? నాది చూడండి.

నిన్న నెవని నెంచ నేడు వాడే రాజు
సేవుడన్న మాట చేర్చి చూడు
పుట్టుకలను చూసి పోటీలు వద్దులే
అన్నకన్న తమ్ము డగ్రజుండు

లినక్స్‌మావయ్య: సే-చే యతి బావుంది, ఒప్పుకుంటా. కానీ విషయం సగమే చెప్పారు సూర్యగణంగారూ. గ్రబ్ సెట్టింగుల ఫైల్లో గ్రబ్_డిఫాల్ట్ దగ్గర సేవ్డ్ (మీ పద్యంలో సేవుడు) అని రాసినంత మాత్రాన నిన్నటి ఎంపిక గుర్తుండదు, గ్రబ్_సేవ్‌డిఫాల్ట్ ట్రూ అని ఇంకో లైను ఉండాలి, ఆ తర్వాత సుడో అప్‌డేట్-గ్రబ్ అనే కమాండ్ కొట్టాలి, లేకపోతే ఫైల్లో ఏం రాసినా మెనూ పాతదే. పోయినసారి దోమల సమస్యలో కూడా ఇంతే, మూడో పాదంలో ఇంద్రగణం ఉండాల్సిన చోట సూర్యగణం వేసి పేరు సార్థకం చేసుకున్నారు.

సూర్యగణం: దోమల పద్యం అప్పుడే సవరించి పెట్టానండీ, మీరే చూడలేదు. మీరు చెప్పిన ఆ రెండో సెట్టింగు లైను ఆటవెలదిలో ఎక్కడ పడుతుందో మీరే పట్టించి చూపించండి.

యతిమైత్రి: ఇద్దరూ ఒకటి వదిలేశారు. గ్రబ్ 2.06 నుంచి, అంటే 2021 నుంచి, ఓఎస్-ప్రోబర్ (మిగతా ఓఎస్‌లను వెతికి మెనూలో చేర్చేది) మామూలుగా ఆపేసి ఉంటుంది, కొన్ని డిస్ట్రోల్లో (లినక్స్ రకాల్లో) అన్న మెనూలోనే కనబడడు. లేని అన్నకి తమ్ముడేంటి, అగ్రజుడేంటి? దీని మీద ఎవరైనా పూరిస్తే నా మెచ్చుకోలు వాళ్ళకే.

పద్యాలపిచ్చి: రాత్రికి పెడతా. ముందు ఆ దోమల పద్యం లింకు ఇవ్వండెవరైనా.