సమస్యాపూరణం: తల్లి చింపె బిడ్డ తళుకు గౌను

నిర్వాహకుడు: ఇచ్చిన చివరి పాదానికి ముందు పాదాలు కల్పించి పద్యం పూర్తి చేయడమే సమస్యాపూరణం. పైది ఆటవెలది అనే నాలుగు పాదాల పద్యంలోని నాలుగవ పాదం. అయిదు సూర్యగణాలు (రెండు మూడక్షరాల చిన్న లయ విభాగాలు), నాలుగవ గణం మొదట త–త యతి (పాదం మొదటి అక్షరంతో కుదిరే అక్షరం) ఉన్నాయి. బిడ్డకు ఇంట్లో కుట్టిన బట్టలు పొట్టివైపోయాక వాటి ముక్కలను బొంతగా కుట్టి దాచుకోవడమే ప్రస్తావన. మురిపెంగా కుట్టిన చేయే ఎందుకు చింపవలసి వచ్చిందో పద్యం చెప్పాలి. కోపంతో చింపిందనే పూరణలు వద్దు. అది మరీ తేలిక.

మొదటి పూరణ:

పొట్టి దయ్యెఁ గాని, పొదిగిన పూలింక
వాడలేదు, వాని వదల లేక
బొంతఁ గుట్ట నెంచి పొందిక నూహించి
తల్లి చింపె బిడ్డ తళుకు గౌను.

నిర్వాహకుడు: ధార బాగున్నది. మూడవ పాదంలో బొ–పొ లు ఒకే వర్గపు అక్షరాలు కనుక వర్గయతి చెల్లుతుంది. చింపడానికి ముందే పొందికను ఊహించడం నాకు నచ్చింది. కుచ్చులు విప్పితే ఎంత గుడ్డ వస్తుందో, ముక్క చుట్టూ కుట్టులోకి ఎంత పోతుందో చూసుకోకపోతే, దాచుకోవాలనుకున్న పువ్వే అతుకు కింద పడిపోతుంది.

రెండవ పూరణ:

తాను కుట్టినదియె, దారమ్ము నదె, కాని
కుట్లు విప్పఁ జేయి కుదురు కొనదు;
కన్ను తుడిచికొనుచుఁ గత్తెర నందియు
తల్లి చింపె బిడ్డ తళుకు గౌను.

ఒక సభ్యురాలు: ఆర్యా, మొదటి రెండు పాదాలు చాలా సహజంగా ఉన్నాయి. అయితే కత్తెర అందుకున్న తల్లి కత్తిరిస్తుంది గాని చింపదు కదా! పైగా ‘నందియు’లోని యుకారం గణం నింపడానికి వచ్చినదే. బొంతలు కుట్టేవారు నూలుగుడ్డ అంచున చిన్న గాటు పెట్టి రెండు చేతులతో లాగుతారు. అప్పుడు అది పోగు వెంట తిన్నగా చీలి, గీత గీయకుండానే ముక్కకు సరైన అంచు వస్తుంది. కనుక ‘కన్ను తుడిచికొనుచు గాటొక్కటినిఁ బెట్టి’ అంటే యతీ నిలుస్తుంది, చింపడమూ పొసగుతుంది.

రెండవ పూరణకర్త: సవరణ స్వీకరించాను, అమ్మా. కాని ‘తళుకు గౌను’ జారుడు గుడ్డదైతే ఇలా లాగినప్పుడు అంచు ముడుచుకుపోయి పోగులు లేస్తాయి. దానికి కత్తెరే గతి, వెనుక పలుచని నూలుగుడ్డ ఆసరా కూడా కావాలి. సమస్య ఇచ్చినవారు దీనిని ఆలోచించారా?

నిర్వాహకుడు: తళుకు నూలుగుడ్డ మీది మెరుపు అద్దకం కావచ్చును. ఏ గుడ్డో సమస్య చెప్పలేదు, అది కవి ఇష్టం.

మూడవ పూరణ:

ఇన్ని పూలు నావె, యెవ్వరు తెచ్చిరో
యనుచు నడిగె బొంత నదిమికొనుచు;
బదులు చెప్పె నవ్వి బామ్మ తా నిట్లని
“తల్లి చింపె, బిడ్డ, తళుకు గౌను.”

అదే సభ్యురాలు: ‘బిడ్డ’ను సంబోధనగా మార్చడం చమత్కారం. బొంతలో తన పూలను తానే గుర్తుపట్టే పాప ఉండడం వల్ల చింపిన కారణాన్ని వేరుగా చెప్పవలసిన పని తప్పింది. అయితే ఈ విరుపు కామా మీదనే ఆధారపడింది. పద్యం చదివి వినిపించేటప్పుడు ‘చింపె’ తరువాత ఆగకపోతే పాత అర్థమే వినిపిస్తుంది.

నిర్వాహకుడు: నిజమే. అయినా ‘ఇట్లని’ అన్న మాట సంభాషణకు చోటిచ్చింది కనుక ఈ పూరణను అంగీకరిస్తున్నాను.