తిప్పకుండానే తిప్పినట్టు చార్టులో టిక్కులు: నేనేం చేయాలి?

నల్గొండలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుని. మా వార్డులో మర్రిగూడ వైపు నుంచి వచ్చిన ఒక అవ్వ ఉంది. ఫ్లోరైడ్ నీళ్లకు కీళ్లన్నీ బిగుసుకుపోయాయి, తనంతట తాను పక్కకు ఒత్తిగిల్లలేదు. ఒకే పక్కన పడుకుని పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి మేమే తిప్పాలి. అదీ మెల్లగా, ఇద్దరు పట్టుకుని. నైట్ డ్యూటీలో వార్డు మొత్తానికి ఉండేదే ఇద్దరం.

మొన్న తెల్లవారుజామున దుప్పటి తీసి చూస్తే తుంటి దగ్గర రూపాయి బిళ్లంత ఎర్రగా కందింది. వేలితో నొక్కినా ఆ ఎరుపు పోలేదు, అంటే పుండు మొదలైనట్టే. చార్టులో మాత్రం 12, 2, 4 గంటలకు టిక్కులున్నాయి. పెట్టింది నాతో ఉన్న అక్క. ఆమె మనసు మంచిదే. ఆ రాత్రి ఊపిరాడని ఇంకో పేషెంట్ దగ్గరే నిలబడిపోయింది, నేను ఎమర్జెన్సీలో ఇరుక్కున్నాను. ఇన్‌చార్జికి చెబితే "చార్టు అట్లనే ఉండనీయమ్మా" అన్నారు.

అవ్వ నా చెయ్యి పట్టుకుని "నొస్తుంది బిడ్డా" అంటే నాకు ఏడుపొచ్చింది.

సీనియర్ అక్కలూ, అన్నలూ, తిప్పలేకపోయిన రాత్రి మీరు నోట్స్‌లో ఏం రాస్తారు? అక్క ఉద్యోగానికి ముప్పు రాకుండా నిజం రాసే దారుందా? అవ్వ కోడలికి తిప్పడం నేర్పిస్తే తప్పవుతుందా?