అప్‌డేట్: చివరి నిమిషంలో పండగ గిఫ్టులు, ఏవి కుదిరాయంటే

పండగ దగ్గరపడింది, కొరియర్ టైముకి రాదు, అమ్మకీ అన్నయ్యకీ దూరంగా ఉన్న స్నేహితురాలికీ ఏమివ్వాలి అని అడిగాను కదా. సలహాలిచ్చిన అందరికీ చాలా థాంక్స్.

అన్నిటికంటే బాగా కుదిరింది పాత ఫొటో సలహా. అమ్మ, అమ్మమ్మ కలిసి ఉన్న చిన్న ఫొటోని 600 డీపీఐలో (అంటే అంగుళానికి 600 చుక్కలు) స్కాన్ చేయించి, రెండింతల సైజులో ప్రింట్ తీయించి ఫ్రేమ్ కట్టించాను. సైజు రెండింతలు చేస్తే 600 కాస్తా 300 అవుతుంది, మంచి ప్రింటుకి 300 డీపీఐ చాలు కాబట్టి పెద్దది చేసినా మసకబారలేదు. అమ్మమ్మ చీర అంచు కూడా స్పష్టంగా తెలుస్తోంది. వెనకవైపు చేత్తో రెండు మాటలు రాశాను, అమ్మ ముందు అవే చదివింది. ఫోన్‌తో ఫొటోని ఫొటో తీస్తే వెలుతురు మెరుపు పడుతుంది, స్కానే మేలు.

స్నేహితురాలికి ఆడియోబుక్ ఈమెయిల్‌లో పంపాను. కొన్ని డిజిటల్ గిఫ్టులు కొన్న దేశంలోనే పనిచేస్తాయి, ముందే చూసుకోండి. అన్నయ్యకి "ఆ ఆదివారం పిల్లల్ని నేను చూసుకుంటాను" అని కార్డు ఇచ్చాను. దాని మీద తేదీ తప్పకుండా వేయండి, లేకపోతే అది అలాగే ఉండిపోతుంది.

ఎక్స్‌ప్రెస్ డెలివరీ, ఖరీదైన ప్యాకింగ్ గురించి పడ్డ టెన్షన్ అసలు అవసరమే లేకపోయింది.