“ప్రేమించెను గనుక”: లూకా 7:47లో ఈ ‘గనుక’ దేనికి అతుకుతుంది?

ప్రశ్న:
లూకా సువార్త 7లో, సీమోను అనే పరిసయ్యుడి ఇంటికి భోజనానికి వచ్చిన యేసు పాదాలను పాపాత్మురాలైన ఒక స్త్రీ కన్నీళ్లతో తడుపుతుంది. ఆమె గురించి యేసు సీమోనుతో అన్న మాట (7:47) బైబిలు పాత తెలుగు అనువాదంలో ఇలా ఉంది: “ఆమె విస్తారముగా ప్రేమించెను గనుక ఆమెయొక్క విస్తార పాపములు క్షమించబడెనని నీతో చెప్పుచున్నాను.” చదివితే ప్రేమించినందుకు బహుమానంగా క్షమాపణ దొరికినట్టుంది. కానీ వచనం రెండో సగం ఎదురు తిరుగుతోంది: “ఎవనికి కొంచెముగా క్షమింపబడునో వాడు కొంచెముగా ప్రేమించును.” ఇక్కడ క్షమాపణ ముందు, ప్రేమ తర్వాత. అనువాదకులు పొరబడ్డారా?

జవాబు:
లేదండీ. ‘గనుక’కు ఒకే అర్థం ఉందనుకుని చదవడం వల్ల వచ్చిన చిక్కు ఇది. మన అలంకారికులు హేతువును కారకహేతువు, జ్ఞాపకహేతువు అని విడదీశారు. నిప్పు వల్ల పొగ పుడుతుంది, అది కారకం. పొగ కనబడింది గనుక కొండమీద నిప్పుంది, ఇది జ్ఞాపకం. పొగ నిప్పును పుట్టించలేదు, ఉన్నట్టు తెలియజేసింది. “వాకిలి తడిసింది కాబట్టి రాత్రి వాన పడింది” అంటాం, వాకిలి తడవడం వల్ల వాన పడిందని ఎవరూ అనుకోరు. మూలంలో ఉన్న గ్రీకు మాట ‘హోతి’కీ ఈ రెండు వాడుకలూ ఉన్నాయి.

తెలుగు వాక్యాన్నే దగ్గరగా చూడండి. ప్రధాన క్రియ ‘క్షమించబడెను’ కాదు, ‘చెప్పుచున్నాను’. ‘క్షమించబడెను’ అన్నది ‘అని’ లోపల ఇమిడిపోయింది. కాబట్టి ‘గనుక’ దాన్ని దాటి వెళ్లి ‘చెప్పుచున్నాను’కు అతకగలదు: ఆమె ఇంత ప్రేమించింది గనుక, ఆమె పాపాలు క్షమించబడ్డాయని నీతో చెప్తున్నాను. గుడిలో బిగ్గరగా చదివేవారు ‘గనుక’ దగ్గర కాస్త ఆగి, ‘క్షమించబడెనని నీతో చెప్పుచున్నాను’ అన్నదాన్ని విరవకుండా చదివితే ఈ అన్వయం చెవికి అందుతుంది. ఆగకుండా ‘క్షమించబడెను’ దాకా లాగి అక్కడ ఊపిరి తీసుకుంటే అర్థం తలకిందులు.

వాడుక భాషలో అయితే నేనిలా రాస్తాను: “ఆమె ఇంతగా ప్రేమించిందంటే, ఆమె పాపాలు ఎన్నో క్షమించబడ్డాయన్నమాట.” ‘అంటే... అన్నమాట’ జ్ఞాపకహేతువు కోసం మన నాలుక మీద ఎప్పుడూ ఉండే పనిముట్టు.

ఇంకొకరు:
కాలం సంగతి కూడా చూడాలి. 47లోనూ 48లోనూ గ్రీకులో క్రియ ఒకటే: ముందే జరిగి, దాని ఫలితం ఇప్పటికీ నిలిచి ఉందని చెప్పే రూపం. 48లో మనవాళ్లు దాన్ని చక్కగా పట్టుకున్నారు: “నీ పాపములు క్షమింపబడియున్నవి.” 47లో మాత్రం ‘క్షమించబడెను’ అని సరిపెట్టారు. అక్కడా ‘క్షమింపబడియున్నవని’ అని ఉంటే సగం గొడవ తీరేది.

పైన 41–43లోని ఉపమానం వరుస ఎటూ స్పష్టమే. 500 దేనారాలు ఒకడి బాకీ, 50 ఇంకొకడిది. దేనారం ఒక రోజు కూలి. అప్పిచ్చినవాడు ఇద్దరికీ వదిలేశాడు, ‘ఎవడు ఎక్కువగా ప్రేమించును’ అన్న ప్రశ్న ఆ తర్వాతే వచ్చింది. చివర 50వ వచనంలో యేసు ఆమెతో “నీ విశ్వాసము నిన్ను రక్షించెను” అన్నాడు గాని ‘నీ ప్రేమ’ అనలేదు. 16వ శతాబ్దంలో ప్రొటెస్టంట్ సంస్కర్త కాల్విన్ పట్టుబట్టిందీ ఇదే: ప్రేమ ఇక్కడ క్షమాపణకు రుజువు, కారణం కాదు.

ఒక హెచ్చరిక. దీన్నుంచి ‘ఎక్కువ పాపం చేసినవాడికే ఎక్కువ ప్రేమ’ అని సూత్రం లాగుతుంటారు. 42లో “ఆ అప్పు తీర్చుటకు వారియొద్ద ఏమియు లేనందున” అని ఉంది. ‘వారియొద్ద’ బహువచనం. 50 బాకీ ఉన్నవాడి చేతిలోనూ చిల్లిగవ్వ లేదు. సీమోను తన బాకీ చిన్నదనుకున్నాడు, అందుకే కాళ్లకు నీళ్లు కూడా ఇవ్వలేదు.

ప్రశ్న:
41లో ‘అచ్చియుండిరి’ అంటే? మా దగ్గర చాలామంది ‘ఇచ్చియుండిరి’ అని చదివేస్తారు.

జవాబు:
అలా చదివితే బాకీదారు కాస్తా అప్పిచ్చినవాడైపోతాడు! ‘అచ్చియుండు’ అంటే బాకీపడి ఉండటం. కరీంనగర్ వైపు ‘అచ్చిండు’ అంటే వచ్చాడని, అక్కడ ఇంకో తికమక. వివరించేటప్పుడు ‘బాకీ ఉన్నారు’ అనేయడమే మేలు. అయితే ఈ క్రియను మరిచిపోతే ఒక మంచి లంకె తెగుతుంది. రోమా 13:8: “ఒకని నొకడు ప్రేమించుట విషయములో తప్ప మరేమియు ఎవనికిని అచ్చియుండవద్దు.” లూకాలో పాత బాకీ పోయింది, రోమాలో మిగిలిన బాకీ ప్రేమ ఒక్కటే. రెండు చోట్లా తెలుగు మాట ఒకటే.

‘క్షమించు’ మీద కూడా ఒక మాట. అప్పును మనం క్షమించం, మాఫీ చేస్తాం. రుణమాఫీ అన్న మాట తెలియని రైతు లేడు. 42లో గ్రీకు క్రియ ‘ఉచితంగా ఇచ్చేయడం’ అన్న అర్థంలోంచి వచ్చింది, ‘కృప’కు మూలమైన ‘ఖారిస్’ దాని చుట్టమే. కాబట్టి ‘మాఫీ’ బాగా దగ్గర. అలాగని ‘క్షమ’నూ తీసిపారేయలేం. దాని పాత అర్థం ఓర్పు. మాఫీ చేసిన సొమ్ము గాలిలో కలిసిపోదు, ఇచ్చినవాడే ఆ నష్టాన్ని ఓర్చుకోవాలి.

ఇంకొకరు:
కారకమైన ‘గనుక’కు 1 యోహాను 4:19 చూడండి: “ఆయనే మొదట మనలను ప్రేమించెను గనుక మనము ప్రేమించుచున్నాము.” ఇక్కడ ‘మొదట’ ఉంది కాబట్టి సందేహం లేదు. ఎవరిని ప్రేమిస్తున్నామో చెప్పలేదు, కర్మపదం లేదు. కొన్ని గ్రీకు ప్రతుల్లో ‘ఆయనను’ అని ఉంది, తెలుగు అనువాదం దాన్ని తీసుకోలేదు. తర్వాతి వచనం సహోదరుని దగ్గరికి వెళ్తుంది కాబట్టి కర్మ లేకపోవడమే బాగుంది. రోమా 5:8లో ‘పాపులమై యుండగానే’ అన్నచోట ఆ చివరి ‘ఏ’ని మింగకండి. క్రీస్తు మనకోసం చనిపోయింది మనం బాగుపడ్డాక కాదు, పాపులమై ఉండగానే.

ప్రశ్న:
మరి లూకా 11:4? “మేము మాకచ్చియున్న ప్రతివానిని క్షమించుచున్నాము గనుక మా పాపములను క్షమించుము.” ఇదీ జ్ఞాపకమేనా?

జవాబు:
అంత సులువుగా తేలదండీ. ‘క్షమించుము’ అని అడుగుతున్నచోట, జరిగిందని తెలియజేసే జ్ఞాపకహేతువు కుదరదు. ఇది అడగడానికి చూపించే ఆధారం. వరుస తెలియాలంటే మత్తయి 18కి వెళ్లాలి: అక్కడి ఉపమానంలో రాజు మొదట తన దాసుడికి 10,000 తలాంతుల అప్పు వదిలేశాడు, తలాంతు సుమారు 6,000 దేనారాలు, అంటే 6 కోట్లు. తర్వాత ఆ దాసుడు 100 దేనారాల కోసం తోటివాడి గొంతు పట్టుకున్నాడు. “నేను నిన్ను కరుణించిన ప్రకారము” అని రాజు గుర్తుచేస్తాడు. కరుణ ముందు రాజుదే, అక్కడ సందేహం లేదు. కానీ 34లో వాణ్ని బాధపరచువారికి అప్పగిస్తాడు కూడా. ఆ పదునును వ్యాకరణంతో అరగదీయలేం.