చిన్న విమానాశ్రయాలకు కొత్త రూట్లు: సబ్సిడీ ఇచ్చి నడపాలా, మార్కెట్‌కే వదిలేయాలా?

గాలివాటం (చర్చ మొదలుపెట్టినవారు)

చిన్న విమానాశ్రయానికి కొత్త సర్వీసు వస్తోందంటే ఆ ఊరికి పండగే. నాయకులు జెండా ఊపుతారు, మొదటి విమానం మీద ఫైరింజన్లు నీళ్లు చిమ్ముతాయి, పేపర్లో ఫొటో వస్తుంది. ఏడాది తిరిగేసరికి రోజూ ఉండే సర్వీసు వారానికి మూడు రోజులవుతుంది. ఆ తర్వాత టికెట్ల సైట్‌లో ఆ ఊరి పేరే కనబడదు.

ఊరికే అనడం లేదు. చిన్న ఊళ్లకు సబ్సిడీతో విమానాలు నడిపించే కేంద్ర పథకం ఉడాన్ మీద 2023లో వచ్చిన కాగ్ (ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే సంస్థ) నివేదిక చూడండి. మూడో విడత వరకు 774 రూట్లు కేటాయిస్తే 403 అసలు మొదలే కాలేదు. మొదలైన 371లో మూడేళ్ల రాయితీ గడువు పూర్తిగా నడిచినవి 112. ఆ గడువు దాటాక కూడా 2023 మార్చి నాటికి నిలబడినవి 54.

నా వాదన ఇదీ. జనం నిజంగా ఎక్కే రూటైతే కంపెనీలే పరుగెత్తుకొస్తాయి. రాని చోటికి డబ్బిచ్చి రప్పిస్తే, డబ్బు ఆగిన రోజే వెళ్లిపోతాయి. ఆ సొమ్ముతో దగ్గర్లోని పెద్ద విమానాశ్రయానికి మంచి రోడ్డో రైలో వేస్తే ఎక్కువమందికి పనికొస్తుంది. దీవులు, కొండ ప్రాంతాలు మినహాయింపు, ఒప్పుకుంటాను. మీరేమంటారు?

టర్బోప్రాప్ అభిమాని

అంకెలు కరెక్టే అన్నా, వాటి నుంచి మీరు తీసిన అర్థమే కరెక్టు కాదు. మొదలవని 403 రూట్లలో జనం ఎక్కలేదని ఎలా అంటారు? ఎక్కడానికి విమానం వస్తేగా! చాలాచోట్ల విమానాశ్రయమే సిద్ధం కాలేదు. మొదటి విడతల్లో రూట్లు గెలుచుకున్న కొన్ని చిన్న కంపెనీల దగ్గర వాటికి సరిపడా విమానాలే లేవు. మధ్యలో కోవిడ్ వచ్చిపడింది. ఇవన్నీ కలిపి 'చిన్న ఊళ్లలో డిమాండ్ లేదు' అనేస్తే ఎలా?

బిహార్‌లోని దర్భంగా సంగతి చూడండి. 2020 నవంబర్‌లో మొదలైంది. అక్కడ తిరిగేవి చిన్న టర్బోప్రాప్‌లు (ప్రొపెల్లర్ విమానాలు) కూడా కాదు, పెద్ద జెట్లు. ఢిల్లీ, ముంబయి, బెంగళూరుల్లో పనిచేసే ఆ మిథిల ప్రాంతపు జనం వాటిని నింపేశారు. అంతకుముందు వాళ్లు పట్నా దాకా వెళ్లి ఎక్కేవాళ్లు. పట్నా లెక్కల్లో కలిసిపోయిన డిమాండ్ దర్భంగా పేరు మీద ఎవరికి కనబడుతుంది?

షెడ్యూల్ బాబాయ్

కొన్నేళ్లు ఒక విమాన సంస్థలో రూట్ల ప్లానింగ్ చూశాను. ఏ సంస్థ అని అడగొద్దు. లోపలి నుంచి చూసినవాడికి ఈ గొడవ ఇంకోలా కనబడుతుంది.

చిన్న ఊరికి రూటు వేయాలా వద్దా అన్నప్పుడు మేం మొదట చూసేది ఎంతమంది ఎక్కుతారని కాదు. అదే విమానం ఆ రెండు మూడు గంటలు ఇంకెక్కడ తిరిగితే ఎంత తెస్తుందని. 70 సీట్ల ఏటీఆర్ 72లో రోజూ 50 మంది ఎక్కుతున్నా సరే, రెండు పెద్ద నగరాల మధ్య అది ఇంకా ఎక్కువ సంపాదిస్తుందంటే చిన్న ఊరు ఓడిపోయినట్టే. కాబట్టి 'జనం ఎక్కితే కంపెనీలే వస్తాయి' అన్నది సగం నిజం. లాభాల్లో ఉన్న రూట్లు కూడా మూతపడతాయి. నష్టం వచ్చి కాదు, పక్క రూటులో లాభం ఎక్కువుండి.

తర్వాత వేళలు. పొద్దున వెళ్లి పని చూసుకుని రాత్రికి తిరిగొచ్చే వీలుంటేనే ఆఫీసు పనుల మీద తిరిగేవాళ్లు ఎక్కుతారు. టికెట్‌కు ఎక్కువ పెట్టేది వాళ్లే. వారానికి మూడు రోజులు, అదీ మధ్యాహ్నం పన్నెండుకు ఒక సర్వీసు వేస్తే వాళ్లెవరూ రారు. సీట్లు సగం ఖాళీగా పోతాయి, 'డిమాండ్ లేదు' అని ఫైల్లో రాస్తారు. ఆ డిమాండును చంపింది టైంటేబులే అని మాత్రం ఎవరూ రాయరు.

ఇంకొకటి, బయటివాళ్లకు తెలియనిది. పది విమానాల్లో ఒకటి రిపేరుకొచ్చి ఆగిపోతే ఏ సర్వీసు రద్దు చేస్తారు? చిన్న ఊరిదే. సర్దాల్సిన ప్రయాణికులు తక్కువ, గొడవ తక్కువ, టీవీలో రాదు. అలా నెలలో నాలుగుసార్లు జరిగితే ఆ ఊరివాళ్లు ఇక నమ్మరు. కారేసుకుని పెద్ద విమానాశ్రయానికి వెళ్లిపోతారు. ఒకసారి అలవాటు తప్పినవాళ్లను వెనక్కి తేవడం చాలా కష్టం, టికెట్ ధర తగ్గించినా రారు.

ఉడాన్ సబ్సిడీ కూడా సరిగ్గా ఇక్కడే తడబడుతుంది. రూటుకు ఎవరు తక్కువ సబ్సిడీ అడిగితే వాళ్లకు ఇస్తారు. సుమారు సగం సీట్లకు ధర మీద పరిమితి, మూడేళ్లపాటు ఆ రూటులో వేరేవాళ్లకు ప్రవేశం ఉండదు. మూడేళ్ల తర్వాత? కంపెనీ తన విమానాన్ని తీసుకెళ్లి ఇంకో సబ్సిడీ రూటులో పెడుతుంది. అది మోసం కాదు, అలా చేయమని మనం రాసిచ్చిన లెక్కే అది.

లెక్కల మాస్టారు

బాబాయ్ గారు చెప్పింది బాగుంది గానీ, సబ్సిడీ గడువు పొడిగిస్తే ఏమవుతుందో అమెరికా చూపించింది. 1978లో అక్కడ విమానయానం మీద నియంత్రణలు ఎత్తేసినప్పుడు, చిన్న ఊళ్లకు సర్వీసులు ఆగిపోతాయన్న భయంతో ఎసెన్షియల్ ఎయిర్ సర్వీస్ అనే పథకం పెట్టారు. పదేళ్లకే అన్నారు. ఇప్పటికీ నడుస్తూనే ఉంది. సగటున రోజుకు పదిమంది కూడా ఎక్కని ఊళ్లను తీసేయాలని 2012 చట్టంలో రాయాల్సి వచ్చిందంటే అప్పటిదాకా ఎలా నడిచిందో ఊహించుకోండి. ఆ పదిమంది నిబంధనకూ మినహాయింపులు ఇస్తూనే ఉన్నారు. ఒక్కో ఊరి వెనక ఒక ఎంపీ లాంటివాడు ఉంటాడు కదా.

యూరప్‌లో ఇంకో రకం. యూరోపియన్ యూనియన్ ఆడిటర్లు 2014లో ఐదు దేశాల్లో యూనియన్ సొమ్ము అందుకున్న 20 విమానాశ్రయాలను తనిఖీ చేస్తే, ప్రయాణికులు పెరిగినవి సగమే. స్పెయిన్‌లో స్యుదాద్ రియాల్ విమానాశ్రయం కథ చదివారా? అది ప్రైవేటుదే గానీ, స్థానిక బ్యాంకు సొమ్ము బోలెడు మునిగింది. వంద కోట్ల యూరోలకు పైగా పోసి కట్టారు, 2012లో మూసేశారు. 2015లో వేలానికి పెడితే వచ్చిన బిడ్ పదివేల యూరోలు! ఆ బిడ్‌కు ఇవ్వలేదులెండి.

పెద్ద టెర్మినల్ కడితే విమానాలు వాటంతటవే వస్తాయన్న నమ్మకం చాలా ఖరీదైంది.

ఉత్తరధ్రువం

మాస్టారూ, టెర్మినల్ పిచ్చిని, సర్వీసు సబ్సిడీని ఒకే గాట కట్టకండి. నార్వే చూడండి. అక్కడ పడమర, ఉత్తర తీరాల్లో సుమారు 800 మీటర్ల రన్‌వేలున్న చిన్న చిన్న విమానాశ్రయాలు వరసగా ఉంటాయి. విదెరో అనే సంస్థ 39 సీట్ల డాష్ 8 విమానాలతో రోజుకు అనేకసార్లు తిరుగుతుంది. ఒక ఊళ్లో దిగి, ఇంకో ఊళ్లో ఎక్కించుకుని, మూడో ఊరికి. అచ్చం మన ఆర్డినరీ బస్సులా. ఆసుపత్రికి వెళ్లేవాళ్లు, కాలేజీ పిల్లలు, ప్రభుత్వోద్యోగులు అందరూ అందులోనే.

తేడా ఎక్కడంటే, అక్కడి ప్రభుత్వం 'మొదటి కొన్నేళ్లు సాయం చేస్తాం, తర్వాత మీ కాళ్ల మీద నిలబడండి' అనదు. రోజుకు ఇన్ని సర్వీసులు, ఇన్ని సీట్లు, టికెట్ ఇంతకు మించకూడదు అని తనే రాసి, కొన్నేళ్లకోసారి టెండరు పిలుస్తుంది. అంటే సర్వీసును కొనుక్కుంటోంది. ఆ రూటు ఏనాటికీ లాభాల్లోకి రాదని ముందే తెలుసు. రావాలని ఎవరూ అనుకోరు కూడా. రోడ్డు వేసి అది లాభాల్లోకి ఎప్పుడొస్తుందని అడుగుతామా?

ఖర్చు తగ్గించే దారులూ ఉన్నాయి. స్వీడన్‌లో ఓర్న్‌షోల్డ్‌స్విక్ విమానాశ్రయానికి 2015 నుంచి కంట్రోల్ టవర్లో మనుషులు లేరు. కెమెరాల సాయంతో సుండ్స్‌వాల్ అనే వేరే ఊరి నుంచే నడిపిస్తున్నారు. రోజుకు నాలుగైదు విమానాలు దిగే చోట టవర్ నిండా సిబ్బందిని కూర్చోబెట్టడం అనవసరం.

గాలివాటం

నార్వేకు చమురు డబ్బుంది సార్. దీవులు, కొండలు మినహాయింపు అని నేను మొదటి పోస్టులోనే రాశాను. స్కాట్లాండ్‌లో వెస్ట్రే నుంచి పాపా వెస్ట్రేకు రెండు నిమిషాల విమానం ఉంది. మధ్యలో సముద్రం ఉంది కాబట్టి సరే. నాలుగు వరసల రోడ్డు ఉన్నచోట కూడా విమానం కావాలనే వాళ్ల గురించి మాట్లాడుతున్నాను.

ఇంకో సంగతి. ఉడాన్ డబ్బులో పెద్ద భాగం ఎక్కడిది? ప్రధాన రూట్లలో తిరిగే విమానాల మీద వేసిన లెవీ, అంటే అదనపు సుంకం. పెద్ద నగరాల మధ్య టికెట్ కొన్న మధ్యతరగతివాడు, ఎప్పుడూ చూడని ఊరి సర్వీసుకు చందా కడుతున్నాడు.

మోడరేటర్

ఏ పార్టీ ఎన్ని విమానాశ్రయాలు కట్టిందనే పోస్టులు రెండు తీసేశాను. విషయం మీద రాయండి.

టర్బోప్రాప్ అభిమాని

డబ్బు గురించి కొట్టుకుంటున్నారు గానీ, డబ్బున్నా విమానాలేవి? 50 సీట్ల జెట్లు కొత్తవి ఇప్పుడు ఎవరూ చేయడం లేదు. సీఆర్‌జే అనే చిన్న జెట్ల తయారీ 2021లో ముగిసింది. డాష్ 8 పెద్ద మోడల్ తయారీ కూడా అదే ఏడాది ఆగింది. 800 మీటర్ల రన్‌వే మీద దిగేలా ఏటీఆర్ 42లో ఒక రకం చేస్తామన్నారు, 2024లో ఆ ప్రాజెక్టునూ పక్కనపెట్టారు. నార్వేవాళ్ల ముసలి డాష్‌లు అరిగిపోతే వాటి స్థానంలో ఏం తేవాలో వాళ్లకే తెలియడం లేదు.

మన దగ్గర ఉడాన్ మొదలైన రూటే గుర్తు తెచ్చుకోండి. 2017 ఏప్రిల్, షిమ్లా నుంచి ఢిల్లీ. షిమ్లా రన్‌వే ఎత్తు మీద ఉంది, పొట్టిది. ఏటీఆర్ 42 అక్కడినుంచి నిండా జనంతో ఎగరలేదు, సీట్లు ఖాళీగా వదిలేసి బయల్దేరాలి. జనం లేక కాదు, బరువు మోయలేక. దాన్ని ఆక్యుపెన్సీ (ఎన్ని సీట్లు నిండాయన్న) లెక్కలో ఏమని రాస్తారు?

పైలట్లూ అంతే. బఫెలో దగ్గర 2009లో జరిగిన విమాన ప్రమాదంలో 50 మంది చనిపోయాక, అమెరికాలో కోపైలట్‌కు కూడా సాధారణంగా 1500 గంటల అనుభవం ఉండాలన్నారు. ఆ నిబంధన మంచిదా కాదా అన్నది వేరే చర్చ. 2022లో స్కైవెస్ట్ అనే పెద్ద ప్రాంతీయ సంస్థ పైలట్లు లేరని చెప్పి, సబ్సిడీతో నడుస్తున్న 29 ఊళ్లకు సర్వీసులు ఆపేస్తామని నోటీసిచ్చింది. డబ్బులిస్తామన్నా వద్దంది!

లెక్కల మాస్టారు

ఇది నా వాదనకే బలం. విమానాలు, పైలట్లు కరువైనప్పుడు వాటిని పదిమంది ఎక్కే రూట్లలో పెట్టడం ఏం తెలివి?

షెడ్యూల్ బాబాయ్

మాస్టారూ, అందుకే నేను కొత్త రూట్ల జాబితా చూస్తే భయపడతాను. ప్రాంతీయ సంస్థలు ఎక్కువగా మునిగింది చిన్న రూట్ల వల్ల కాదు, పెద్ద ఆశల వల్ల. ఆస్ట్రేలియాలో రెక్స్ చూడండి. దశాబ్దాలుగా 34 సీట్ల సాబ్ విమానాలతో మారుమూల పట్టణాలకు తిరిగింది. 2021లో బోయింగ్ 737లు తెచ్చి మహానగరాల మధ్య పెద్ద సంస్థలతో పోటీకి దిగింది. 2024 జులైలో దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. ఆ వెంటనే ఆగిపోయినవి జెట్లే. సాబ్ విమానాలు మాత్రం ప్రభుత్వ అండతో తిరుగుతూనే ఉన్నాయి.

బ్రిటన్‌లో ఫ్లైబీ 2020 మార్చిలో కూలిపోతే సౌతాంప్టన్ లాంటి విమానాశ్రయాలు ఒక్క రాత్రిలో తమ సర్వీసుల్లో చాలాభాగం పోగొట్టుకున్నాయి. ఒకే సంస్థ మీద ఆధారపడిన చిన్న విమానాశ్రయానికి ఎప్పుడూ ఉండే టెన్షన్ ఇది.

నన్ను అడిగితే, ఐదు ఊళ్లకు వారానికి మూడేసి సర్వీసులు ఇచ్చే బదులు రెండు ఊళ్లకు రోజూ పొద్దున, సాయంత్రం ఇవ్వండి. పెద్ద హబ్‌లో (విమానం మారే పెద్ద విమానాశ్రయంలో) అసలైన కనెక్షన్ దొరికేలా, ఒకే టికెట్ మీద సామాను చివరిదాకా వెళ్లేలా ఒప్పందం ఉండాలి. హబ్‌లో పొద్దుటి స్లాటు, అంటే దిగడానికి, ఎగరడానికి కేటాయించే సమయం లేకపోతే ఇవేవీ కుదరవు. పెద్ద విమానాశ్రయం నిండిపోతే మొదట పక్కకు నెట్టేది చిన్న విమానాన్నే. ఇక సబ్సిడీని సీట్లకు కాదు, చెప్పిన వేళకు నడిచిన సర్వీసులకు కట్టాలి. రద్దయితే కోత. అప్పుడు రిపేరుకు ఏ విమానాన్ని ఆపాలో అన్నప్పుడు చిన్న ఊరి పేరు అందరికంటే ముందు రాదు.

గాలివాటం

రెండు ఊళ్లను ఎవరు ఎంచుతారు బాబాయ్ గారూ? అసలు గొడవంతా అక్కడే మొదలవుతుంది.

ఉత్తరధ్రువం

దానికి ఒక కొలత ఉంది. యూరప్ 2008 నిబంధనల ప్రకారం, ఇలాంటి రూటుకు డబ్బిచ్చే ముందు వేరే రవాణా సరిపోతుందా అని చూడాలి. ముఖ్యంగా మూడు గంటల్లోపు రైలు ఉందా అని. ఫ్రాన్స్ ఇంకా ముందుకెళ్లి, రెండున్నర గంటల్లోపు రైలున్న కొన్ని దేశీయ రూట్లను 2023లో నిషేధించింది. పారిస్ ఓర్లీ నుంచి నాంత్, లియాన్, బోర్డోలకు విమానాలు అలాగే పోయాయి.

గాలివాటం

ఆ మూడు గంటల నిబంధన మన టెండర్లలో పెట్టమనండి, నేను అడ్డు చెప్పను.

షెడ్యూల్ బాబాయ్

రైలు మూడు గంటలే, కానీ రోజుకు ఒక్కటే, అదీ అర్ధరాత్రి. అప్పుడు?

గాలివాటం

అప్పుడు ఇంకో రైలు అడుగుతాను, విమానం కాదు.

టర్బోప్రాప్ అభిమాని

సింగిల్ లైనులో ఇంకో రైలుకు చోటుండాలి కదా అన్నా. రెండో లైను పడేసరికి ఏళ్లు పడుతుంది. ఏటీఆర్ దొరికితే వచ్చే సీజన్‌కే ఎగురుతుంది. లైను పడ్డాక సబ్సిడీ ఆపేయమని టెండర్లోనే రాయండి.