ఇంగ్లండు పల్లెలో అద్దె ఇల్లు: ఆయిల్ హీటింగు, సెప్టిక్ ట్యాంకు, బస్సు

పర్లాకిమిడి నుంచి:
మా చెల్లెలికి ఇంగ్లండులో ఓ టౌను ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం వచ్చింది. టౌనులో అద్దెలు ఎక్కువని తొమ్మిది మైళ్ల అవతల పల్లెలో ఇల్లు చూశారు. ఊళ్లో ఒక దుకాణం, అందులోనే పోస్టాఫీసు, ఒక పబ్బు, చర్చి. గ్యాసు లైను లేదు, ఆయిల్ హీటింగంట. మురుగు సెప్టిక్ ట్యాంకులోకి. తను, బావగారు, ఆరేళ్ల బాబు నవంబరులో వెళ్తారు. కారు వెంటనే కొనలేరు. సంతకం పెట్టేముందు ఏమేం అడగాలి?

రాయగడ, ఇప్పుడు ష్రాప్‌షైర్:
ఆయిల్ హీటింగుకి భయపడక్కర్లేదు అన్నయ్యా, ట్యాంకుని కనిపెట్టుకుని ఉంటే చాలు. అక్కడ పోసేది కిరసనాయిలే. చాలా కంపెనీలు 500 లీటర్లకి తక్కువైతే తేవు, కాబట్టి మొదటి నెలకే ఆ డబ్బు విడిగా ఉంచుకోమనండి. చలికాలంలో లారీ రావడానికి వారం, రెండు వారాలు పట్టొచ్చు. పావు ట్యాంకు ఉండగానే ఆర్డరు పెట్టెయ్యాలి.

పూర్తిగా ఖాళీ అయితేనే అసలు తంటా. అడుగున పేరుకున్న మడ్డి, నీళ్లు పైపులోకి దిగి ఫిల్టరు మూసుకుపోతుంది, లైనులో గాలి చేరుతుంది. ఆ తర్వాత ఆయిల్ పోయించినా, ఆ ఆయిల్‌తో ఇల్లు వేడిచేసే బాయిలరు అంటుకోదు. అప్పుడు రీసెట్ బటను పదే పదే నొక్కొద్దు, కాలని నూనె లోపల చేరుతుంది. ఆయిల్ హీటింగు పనివాళ్లని నమోదు చేసే సంస్థ ఆఫ్‌టెక్, అందులో నమోదైన మెకానిక్ వచ్చి గాలి తియ్యాల్సిందే.

తాళాలు తీసుకున్న రోజే ట్యాంకులో ఆయిల్ ఎంతుందో చూపించే గేజి ఫొటో తియ్యమనండి. ఎంత ఆయిల్‌తో ఇచ్చారో అంతతోనే అప్పగించాలని చాలా ఒప్పందాల్లో రాస్తారు. ఊరివాళ్లంతా కలిసి ఆర్డరు పెట్టే ఆయిల్ క్లబ్బు ఉందేమో దుకాణంలో అడగాలి, ధర తగ్గుతుంది.

గడ్డకట్టే చలిలో బాయిలరు గుడగుడమని ఆగిపోతే, గోడ బయటికొచ్చే సన్నని ప్లాస్టిక్ గొట్టంలో నీరు గడ్డకట్టి ఉండొచ్చు. దాని మీద గోరువెచ్చని నీళ్లు పొయ్యాలి. మరిగేవి పోస్తే పగులుతుంది.

బరంపురం, ఇప్పుడు లింకన్‌షైర్:
నా మటుకు ఆయిల్ కన్నా బస్సే పెద్ద సమస్య. చాలా పల్లెలకి సాయంత్రం దాటితే బస్సుండదు, ఆదివారం అసలే ఉండదు. రాత్రి ఎనిమిదికి డ్యూటీ దిగితే ఇంటికెలా చేరతారు? రోస్టరు, బస్సు టైంటేబులు పక్కపక్కన పెట్టి చూడందే సంతకం వద్దు.

మన ఒడిశా లైసెన్సుతో అక్కడ కాపురం పెట్టిన రోజు నుంచి 12 నెలలు కారు నడపొచ్చు. దాన్ని అక్కడి లైసెన్సుగా మార్చివ్వరు. ప్రొవిజనల్ (నేర్చుకునేవాళ్లకిచ్చే లైసెన్సు) తీసుకుని థియరీ, రోడ్డు టెస్టు రెండూ పాసవ్వాలి. టెస్టు తేదీ దొరకడానికి నెలలు పడుతుంది, దిగిన వెంటనే మొదలెట్టమనండి.

బాబు సంగతి: ఎనిమిదేళ్లలోపు పిల్లలకి, దగ్గర్లోని తగిన స్కూలు రెండు మైళ్లు దాటితే స్థానిక కౌన్సిలు ఉచితంగా తీసుకెళ్తుంది. మీరు ఏరికోరి దూరం స్కూల్లో వేస్తే ఇవ్వరు.

పర్లాకిమిడి నుంచి:
చాలా మేలు చేశారండీ. సెప్టిక్ ట్యాంకు మన ఇళ్లలోనూ ఉన్నదే కదా, అక్కడ ప్రత్యేకంగా చూడాల్సిందేమైనా ఉందా? ఊళ్లో మందుల షాపు కూడా లేదు.

గుణుపురం, ఇప్పుడు డెవన్:
పద్ధతి ఒకటే తమ్ముడూ. నీళ్లు ఎటు పోతున్నాయన్నదే చూడాలి. 2020 జనవరి నుంచి సెప్టిక్ ట్యాంకు నీటిని నేరుగా వాగులోకి వదలకూడదు, భూమిలోకి ఇంకాలి. మడ్డి మామూలుగా ఏడాదికోసారి తోడిస్తారు. ఆ ఖర్చు ఎవరిదో కాగితం మీద ఉండాలి. వేపుడు నూనె, తడి వైప్స్ లోపలికి పోనివ్వొద్దు. బ్లీచ్ ఎక్కువైతే మురుగుని కరిగించే బాక్టీరియా చచ్చిపోతుంది.

మందుల షాపుకి 1.6 కిలోమీటర్లకి మించి దూరంలో ఉన్న పల్లెవాళ్లకి కొన్ని జీపీ సర్జరీలు (అంటే ఊరి డాక్టరు క్లినిక్కులు) మందులు కూడా తామే ఇస్తాయి. అలాంటి సర్జరీలో పేర్లు నమోదు చేయించుకోమనండి. ఫోను నంబర్లు: ప్రాణం మీదికొస్తే 999, అంత కాని జబ్బుకి 111, కరెంటు పోతే 105. ఇంట్లో సిగ్నలు లేక వైఫై కాలింగ్ మీదే ఆధారపడితే కరెంటుతో పాటు ఫోనూ పోతుంది. ఏ నెట్‌వర్కు ఇంట్లో అందుతుందో చూశాకే సిమ్ కొనాలి.