పోకర్ రన్‌లో ముందు చేరినవాళ్ళే గెలుస్తారా? ఆఫ్‌రోడ్‌లో కూడా ఇదే పద్ధతేనా?

నీలిహెల్మెట్:
అందరికీ నమస్కారం. అమెరికాలో ఉంటున్నాను, ఈ మధ్యే మోటార్‌సైకిల్ లైసెన్స్ వచ్చింది. తెలిసినవాళ్ళు ఒక పోకర్ రన్‌కి, అంటే బైకుల మీద వెళ్తూ దారిలో పేకముక్కలు తీసే రైడ్‌కి రమ్మంటున్నారు, పిల్లల వైద్యం కోసం చందాలు పోగుచేసే రైడ్ అట. నాకు పేకాట రాదు, స్పీడుగా నడపడమూ రాదు. అందరికంటే ముందు చేరినవాళ్ళు గెలిచేటట్టయితే కొత్తవాడిని నేను వెళ్ళడం మంచిది కాదేమో అని టెన్షన్‌గా ఉంది. మా ఆవిడ వెనక కూర్చుని వస్తానంటోంది, ఆమెకి వేరే ఫీజు ఉంటుందా? ఇదే ఆటని అడవి దారుల్లో డర్ట్ బైకులతో కూడా ఆడతారని ఒకాయన చెప్పాడు, అది ఎలా జరుగుతుందో కూడా తెలిస్తే చెప్పండి.

దూరపుదారి:
నమస్తే అండీ, తప్పకుండా వెళ్ళండి. ఇది రేసు కాదు. ఎంత వేగంగా వెళ్ళినా మీ చేతికొచ్చే ముక్క మారదు, ఈ ఆటలో నాకు అన్నిటికంటే నచ్చేది అదే. పొద్దున ఒక చోట రిజిస్ట్రేషన్ ఉంటుంది, ఫీజు కట్టి, ప్రమాదం జరిగితే బాధ్యత మనదేనని కాగితం మీద సంతకం పెడితే ఒక స్కోర్ షీటూ రూట్ మ్యాపూ ఇస్తారు. దారిలో మామూలుగా ఐదు స్టాప్‌లు, కొన్నిచోట్ల ఏడు. ఒక్కో స్టాప్‌లో ఒక్కో ముక్క తీయాలి, అక్కడున్న వాలంటీర్ అది చూసి మీ షీటు మీద రాసి సంతకం పెడతారు, ముక్క మళ్ళీ కట్టలోకి వెళ్ళిపోతుంది. చివరి స్టాప్ అంటే ముగింపు చోటే. అక్కడికి ఫలానా టైమ్‌లోగా షీటు ఇచ్చేయాలి, టైమ్‌కి సంబంధించి ఉన్న నియమం అంతే. మీకొచ్చిన ఐదు ముక్కల్నీ కలిపి ‘చెయ్యి’ అంటారు, పోకర్ లెక్కలో ఎవరి చెయ్యి పెద్దదైతే వాళ్ళకి బహుమతి, చాలా చోట్ల అందరికంటే చిన్న చేతికి కూడా ఏదో ఒకటి ఇస్తారు. వెనక కూర్చునేవాళ్ళు కూడా ఫీజు కడితే వాళ్ళకీ సొంత షీటు ఇస్తారు కాబట్టి మీ ఇద్దరూ చెరొక చెయ్యి ఆడొచ్చు. ఇంకొన్ని డబ్బులు కడితే రెండో చెయ్యి కొనుక్కోనిస్తారు, అది కూడా చందాలోకే వెళ్తుంది.
ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్తాను. కొన్ని రన్‌లలో స్టాప్‌లు బార్‌ల దగ్గర పెడతారు. రైడ్ పూర్తయి బండి పార్క్ చేసేదాకా తాగొద్దు, పక్కవాళ్ళు ఎంత బలవంతం చేసినా సరే.

ఇస్పేటురాణి:
పేకాట రాకపోయినా ఏం పర్లేదండీ, ఏ ముక్క తీయాలో తెలివితో నిర్ణయించేది ఏమీ లేదు. కాకపోతే లెక్కలంటే ఇష్టం ఉన్నవాళ్ళకి ఇందులో ఒక మంచి విషయం ఉంది. పోకర్‌లో ఐదు ముక్కలూ ఒకే కట్టలోంచి వస్తాయి. ఇక్కడ ప్రతి స్టాప్‌లో 52 ముక్కల కొత్త కట్ట ఉంటుంది, అందుకని మీకు ఇస్పేటు ఆసు రెండుసార్లు కూడా రావచ్చు. ఒకే కట్ట అయితే ఐదు ముక్కలూ ఒకే గుర్తువి (అన్నీ ఇస్పేట్లో, అన్నీ కళావర్లో అలా) పడే అవకాశం సుమారు 505లో 1, వేర్వేరు కట్టలైతే 256లో 1. ఐదూ ఆసులో, ఐదూ రాజులో, ఇలా ఐదూ ఒకేరకం పడే చెయ్యి మామూలు పోకర్‌లో అసలు లేనే లేదు, ఇక్కడ 28,561లో 1 ఛాన్స్ ఉంది. కాబట్టి అలాంటి చెయ్యిని ఏ స్థానంలో పెడతారో, ఒకే ముక్క రెండుసార్లు వస్తే లెక్కలోకి తీసుకుంటారో లేదో నిర్వాహకులు ముందే రాసి పెట్టాలి. రాయకపోతే చివర్లో గొడవే.
ఇంకోటి, మూడు ఆసులు పడ్డాయని గెలిచేశామనుకోకండి. 200 మంది వస్తే ఒకేరకం ముక్కలు మూడు సుమారు 9 మందికి పడతాయి, ఫుల్ హౌస్ (ఒకేరకం మూడు, ఇంకోరకం రెండు) గానీ అంతకంటే పెద్దది గానీ ఒకరికో ఇద్దరికో వస్తుంది. ఇద్దరి చేతులూ సమానమైతే సాధారణంగా ఇంకో ముక్క తీయించి తేలుస్తారు.

నీలిహెల్మెట్:
చాలా థాంక్స్ అండీ ఇద్దరికీ. ఫీజు కట్టి, ముక్కలు తీసి, బహుమతి గెలవడం అంటే జూదం కిందకి రాదా?

దూరపుదారి:
మంచి ప్రశ్న. రాష్ట్రాన్ని బట్టి చట్టం మారుతుంది. కొన్నిచోట్ల లాటరీలాగే చూస్తారు, నిర్వాహకులు లైసెన్స్ తీసుకోవాల్సి వస్తుంది. ఆ పని వాళ్ళది, మీరు పాల్గొనేవారు కాబట్టి అనుమతి ఉందా అని ఒకసారి అడిగితే చాలు.

బురదటైర్లు:
ఆఫ్‌రోడ్ గురించి నేను చెప్తాను బ్రో. ముక్కల సంగతి అదే, మిగతాదంతా వేరు. మ్యాప్ కంటే చెట్లకి కొట్టిన బాణం గుర్తులూ రిబ్బన్లూ చూసుకుంటూ వెళ్ళాలి. మలుపు దాటాక చాలాసేపు ఒక్క గుర్తు కూడా కనపడకపోతే చివరగా గుర్తు చూసిన చోటికి జాగ్రత్తగా తిరిగి రావాలి, ఎదురుగా బండ్లు వస్తుంటాయి మరి. కొన్ని రన్‌లలో సులువు దారి, కష్టమైన దారి అని రెండు పెడతారు, ఏది ఎంచుకున్నా ముక్కలు అన్నే. కొత్తవాళ్ళు మొహమాటపడకుండా సులువుదే తీసుకోవాలి, ఇసుకలోనో రాళ్ళలోనో పదేపదే బండి లేపుతుంటే చేతుల్లో శక్తి అయిపోతుంది, అలసిపోయాకే దెబ్బలు ఎక్కువ తగులుతాయి.
బండి విషయానికొస్తే, అటవీ శాఖ భూముల్లో సైలెన్సర్‌కి స్పార్క్ అరెస్టర్ (నిప్పురవ్వలు బయటికి రాకుండా ఆపేది) తప్పనిసరి, ఒక నిప్పురవ్వ ఎండుగడ్డి మీద పడితే చాలు. శబ్దం కూడా కొలుస్తారు, కాలిఫోర్నియాలో 1986 నుంచి తయారైన బండ్లకి 96 డెసిబెల్స్ పరిమితి. దారి మధ్యలో మామూలు రోడ్డు తగిలేటట్టయితే లైట్లూ నంబర్ ప్లేటూ ఉన్న డ్యూయల్ స్పోర్ట్ బండే కావాలి. స్కోర్ షీటుని ప్లాస్టిక్ కవర్లో పెట్టి జిప్ ఉన్న జేబులో పెట్టుకో, చెమటకి తడిసి సిరా చెరిగిపోయిందంటే చేతిలో నాలుగు రాజులున్నా ఎవరూ ఒప్పుకోరు.

నీలిహెల్మెట్:
థాంక్స్ అన్నా. దారి తప్పి ఒక స్టాప్ మిస్ అయితే ఆట అయిపోయినట్టేనా?

బురదటైర్లు:
అన్నిచోట్లా కాదు. ముగింపు దగ్గర ఆ ముక్క తీయనిచ్చేవాళ్ళూ ఉన్నారు, నాలుగు ముక్కలతోనే లెక్కించేవాళ్ళూ ఉన్నారు, పొద్దున రూల్స్ చెప్పేటప్పుడు అడిగెయ్. కానీ ఒకటి మాత్రం మర్చిపోకు, మధ్యలో మానేసి ఇంటికి వెళ్ళిపోవాలనిపిస్తే నిర్వాహకులకి చెప్పే వెళ్ళు. అందరి వెనకా స్వీప్ రైడర్లు వస్తుంటారు, నీ పేరు చెక్‌అవుట్ కాకపోతే చీకటి పడేదాకా అడవిలో నీకోసం వెతుకుతారు.